రంగంలో పుట్టిన మార్కెటింగ్ ఆచార్యుడు

ప్రశ్న: నేను బి.కాం. చివరి సంవత్సరం చదువుతున్నాను. మార్కెటింగ్‌లో పరిశోధన చేసి అధ్యాపకురాలిని కావాలని నా కోరిక. మా ఇంట్లో మాత్రం మార్కెటింగ్ అంటే సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి సబ్బులు అమ్మడమేననీ, దానికి పిహెచ్.డి. ఎందుకనీ అంటున్నారు. కామర్స్ చదివి ఆ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే వారి జీవితం గురించి వివరించగలరా?
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమెరికాలో మార్కెటింగ్ ఆచార్యుడైన జగదీశ్ సేఠ్ గురించి మీ పెద్దలకు చెప్పండి. అయితే ఆయన పేరుకన్నా ముందు ఆయన పుట్టిన ఊరి పేరు చెప్పడం మంచిది. బర్మాలోని రంగూన్‌ను మన ప్రాంతపు పాతతరం వారు ‘రంగం’ అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం ఇంకా వేరు జిల్లాలు కాకముందు ఇక్కడి నుంచి కూలికీ, వ్యాపారానికీ ఓడెక్కి రంగం వెళ్ళినవారు వేలకొద్దీ ఉన్నారు. అక్కడి రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ తెలుగు మాట గట్టిగానే వినిపించేది. ఆ రంగంలోనే 1938లో, గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి వెళ్ళిన ఒక జైన వ్యాపార కుటుంబంలో సేఠ్ పుట్టారు. 1941లో జపాను బర్మాపై దండెత్తినప్పుడు ఆ కుటుంబం అక్కడి బతుకును వదులుకుని శరణార్థులుగా భారతదేశం చేరింది. బర్మా కాందిశీకుల కథలు మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పుకునే ఉంటారు కనుక, ఈ ముక్క విన్నాక ఆయన మరీ పరాయివాడుగా అనిపించరు.

ఆయన చదువు మద్రాసులో సాగింది. 1960లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి బి.కాం. ఆనర్స్ పూర్తిచేశారు, అంటే మీరు ఇప్పుడున్న మెట్టు నుంచే బయలుదేరారన్నమాట. 1961లో అమెరికా వెళ్ళి, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1962లో ఎం.బి.ఏ., 1966లో పిహెచ్.డి. పొందారు. ఆచార్యుడు కావాలని చిన్ననాడే నిశ్చయించుకున్న మనిషి కారాయన. తన ఆత్మకథకు ‘అనుకోకుండా పండితుడైనవాడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

ఆయనకు పేరు తెచ్చిన పని, కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ హోవార్డ్‌తో కలిసి 1969లో వెలువరించిన కొనుగోలుదారు ప్రవర్తన సిద్ధాంతం. అప్పటికి సేఠ్ వయసు ముప్ఫై దాటిందంతే. మనిషి ఒక వస్తువును ఎందుకు కొంటాడన్న ప్రశ్నకు అర్థశాస్త్రం ధరనూ ఆదాయాన్నీ చూపించేది, మనస్తత్వశాస్త్రం కోరికలనూ భయాలనూ చూపించేది. హోవార్డ్, సేఠ్ కొనుగోలును ఒక అభ్యాసంగా చూశారు. మొదటిసారి కొనేవాడు నలుగురినీ అడుగుతాడు, నాలుగు దుకాణాలు తిరుగుతాడు, ఎంతో ఆలోచిస్తాడు. రెండుమూడుసార్లు కొన్నాక ఆ వెతుకులాట తగ్గుతుంది. చివరికి చేయి దానంతటదే అలవాటైన పొట్లం మీదికి పోతుంది. మీ అమ్మగారు టీ పొడి కొనే తీరునూ, అదే అమ్మగారు మొదటిసారి ఫ్రిజ్ కొన్న తీరునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సిద్ధాంతంలో సగం మీకు అర్థమైనట్టే.

ఆ సిద్ధాంతాన్ని గడులతోనూ బాణపు గుర్తులతోనూ ఒక పెద్ద పటంగా గీస్తారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో దాన్ని నల్లబల్ల మీద గీయడానికే సగం పీరియడు పోయేది. మిగిలిన సగంలో పిల్లలు దాన్ని ఎక్కించుకునేవారు, పరీక్షలో దించేవారు, మరిచిపోయేవారు. అందులోని అంశాలు చాలావరకు కొలతకు సులువుగా లొంగవన్న విమర్శ న్యాయమైనదే. అయినా, కొనేవాడి మనసులో జరిగేదాన్ని క్రమంగా ప్రశ్నించవచ్చునన్న ధైర్యాన్ని తరువాతి పరిశోధకులకు ఇచ్చిన పనులలో దానికి పెద్ద స్థానమే ఉందని నా అభిప్రాయం. 1973లో సేఠ్ ఒక వ్యాసంలో అదే చూపును కర్మాగారాల కొనుగోళ్ల మీదికి మళ్ళించారు. ఒక జూట్ మిల్లు కొత్త యంత్రం కొనాలంటే దాన్ని నడిపే విభాగానికీ, ఇంజనీరుకూ, కొనుగోళ్ల అధికారికీ కావలసినవి వేరువేరుగా ఉంటాయి. వారి మధ్య వచ్చే తగాదా ఎలా తెగుతుందన్నదే ఆ వ్యాసంలోని అసలు విషయం.

ఉద్యోగపరంగా ఆయన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సుమారు పదిహేనేళ్లు, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏడేళ్లు పనిచేసి, 1991లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. భారత ప్రభుత్వం 2020లో ఆయనకు పద్మభూషణ్ ప్రకటించింది. మీ ఇంట్లో వాదనకు ఈ చివరి మాట ఒక్కటే పనికొస్తుందేమో కాని, మీరు మాత్రం 1969 నాటి పనిని చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు శ్రీకాకుళంలో నలభై ఏళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నారు. ఈమధ్య పెద్ద షాపింగ్ మాల్స్ వచ్చి బేరాలు తగ్గాయి. నన్ను ఎం.బి.ఏ. చదవమంటున్నారు. మార్కెటింగ్ ఆచార్యుల సిద్ధాంతాలు మా వంటి దుకాణానికి నిజంగా అక్కరకు వస్తాయా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: కొన్ని వస్తాయి, వాటిలో ఒకటి మీ నాన్నగారికి ఇప్పటికే తెలిసి ఉంటుంది. కిందటి మాఘమాసంలో పెళ్లిబట్టల కోసం బంధువులతో కలిసి ఒక దుకాణానికి వెళ్ళాను. గుమస్తా పరుపు మీద పాతిక చీరలు విప్పి, ఒక్కొక్కటీ పెళ్లికూతురి భుజం మీద వేసి చూపిస్తూ ఆమెతోనే మాట్లాడుతున్నాడు. తల్లి మాత్రం అంచు తిరగేసి, జరీని బొటనవేలితో రుద్ది చూస్తోంది. పెదనాన్నగారు గుమ్మం దగ్గరి కుర్చీలో పలుకూ ఉలుకూ లేకుండా కూర్చున్నారు. గంట గడిచినా బేరం తెగలేదు. అప్పుడు యజమాని గల్లాపెట్టె దగ్గరి నుంచి లేచి వచ్చి, పెదనాన్నగారికి టీ తెప్పించి, ధర మాట ఆయనతోనే ఎత్తారు. పది నిమిషాలలో మూడు చీరలు పొట్లం కట్టారు.

చీర కట్టుకునేవారు, డబ్బు ఇచ్చేవారు, కొనే పని నడిపేవారు అనే మూడు పాత్రలు ఒకే మనిషిలో ఉండనక్కరలేదని సేఠ్, ఆయన సహరచయితలు పాఠ్యగ్రంథంలో రాసిన విషయం ఇదే. యజమానికి ఇది అనుభవం మీద తెలుసు, గుమస్తాకు తెలియదు. చదువు వల్ల కలిగే లాభం ఇక్కడ ఉంది: ఒకరి తలలో ఉన్న ఒడుపును మాటలలో పెట్టి, దుకాణంలో ఉన్న ఆరుగురికీ నేర్పవచ్చు.

మాల్స్ సంగతికి వస్తే, సేఠ్ తన సహరచయిత రాజేంద్ర సిసోడియాతో కలిసి 2002లో ‘మూడింటి సూత్రం’ ప్రతిపాదించారు. పోటీకి అడ్డులేని బజారు ముదిరేకొద్దీ అన్నీ అమ్మే పెద్దవి మూడు మిగులుతాయనీ, ఒక్కదానిలోనే ఆరితేరిన చిన్నవి వాటి పక్కన బాగానే బతుకుతాయనీ, ఎటూ కాని మధ్యరకం సంస్థలు గోతిలో పడతాయనీ దాని సారాంశం. ఇది దేశవ్యాప్త పరిశ్రమలను చూసి చెప్పిన సూత్రం కనుక ఒక వీధికి ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. మూడు అన్న అంకె మీద నాకు అంత నమ్మకమూ లేదు. గోతి మాట మాత్రం కొట్టిపారేయలేను. పట్టుచీరల నుంచి స్కూలు యూనిఫారాల దాకా అన్నీ కొంచెం కొంచెంగా ఉంచే దుకాణం మాల్‌తో రకాలలోనూ నెగ్గలేదు, ధరలోనూ నెగ్గలేదు.

మీ దుకాణం ఏ ఒక్క సరుకుకు పేరుపడాలన్నది తేల్చుకోవడానికి వారిద్దరే తరువాత చెప్పిన నాలుగు ప్రశ్నలు పనికొస్తాయి. ఎం.బి.ఏ.లో మొదట నేర్పే నాలుగు ‘పి’లు, అంటే సరుకు, ధర, చోటు, ప్రచారం, 1960లో జెరోమ్ మెకార్తీ చెప్పినవి, అవి అమ్మేవాడి వైపు నుంచి చూసినవి. సేఠ్, సిసోడియా వాటిని కొనేవాడి వైపుకు తిప్పారు: వస్తువు నచ్చుతుందా, కొనే తాహతు ఉందా, చేతికి అందుతుందా, ఆ వస్తువు ఉందని తెలుసా? పొందూరు ఖద్దరునే తీసుకోండి. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నగా వడికి నేసే ఆ బట్ట పేరు వినని వారు మన జిల్లాలో తక్కువ. అంత పని ఉన్న బట్టకు ధర తగ్గించమని నేతగాడిని అడగడం అన్యాయం. కాని అసలుదీ నకిలీదీ పోల్చుకోవడం, పంచె కొలతకు దొరకడం, ఉతికితే ఎలా ఉంటుందో ముందే తెలియడం అనేవి దుకాణదారుడు చక్కదిద్దగలిగిన సంగతులు. ఆ నాలుగు ప్రశ్నలనూ ఒక కాగితం మీద రాసుకుని, నెలరోజులపాటు ఏమీ కొనకుండా వెళ్ళిపోయిన ప్రతివారి విషయంలోనూ వాటిలో ఏది అడ్డుపడిందో టిక్కు పెట్టండి. ఎం.బి.ఏ.లో చేరాలా వద్దా అన్నది ఆ కాగితం చూశాక మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: మార్కెటింగ్ అధ్యాపకుడు కావడానికి నెట్ పరీక్ష కామర్స్‌లో రాయాలా, మేనేజ్‌మెంట్‌లో రాయాలా?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మీ పి.జి. ఏ సబ్జెక్టులో ఉంటే ఆ సబ్జెక్టులో రాయడమే సరైన పద్ధతి. ఎం.కాం. అయితే కామర్స్, దాని సంకేత సంఖ్య 08, ఎం.బి.ఏ. అయితే మేనేజ్‌మెంట్, దాని సంఖ్య 17. జనరల్ వర్గం వారికి పి.జి.లో 55 శాతం మార్కులు ఉండాలి. మార్కెటింగ్ రెండు సిలబస్‌లలోనూ ఉంది, కామర్స్‌లో దాని పాలు తక్కువ. దరఖాస్తులో సంకేత సంఖ్య తప్పు వేసి ఏడాది పోగొట్టుకున్న విద్యార్థిని నేను ఎరుగుదును కనుక, ఆ గడిని రెండుసార్లు చూసుకోండి.