జీడిమామిడి పూత, తేనె దిగుబడి: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా జీడిమామిడి తోటలో ఆరు పుట్టతేనెటీగల పెట్టెలున్నాయి. ఫిబ్రవరిలో తోటంతా పూతే. అయినా తేనె కోసం పెట్టె మీద ఎక్కించే పై గది సగం కూడా నిండదు. తీరా పూత రాలే వేళకి పెట్టె నిండా ఈగలుంటాయి. లోపం ఎక్కడ?
– పాఠకుడు, ఆనందపురం

జవాబు: పూత రాలేటప్పుడు కనబడుతున్న ఆ ఈగలు పూత మొదట్లోనే ఉండాల్సింది. లోపమల్లా అదే. రాణి గుడ్డు పెట్టాక కూలి ఈగ బయటపడటానికి దాదాపు 20 రోజులు పడుతుంది. బయటపడగానే పువ్వు మీదికి పోదు. ఇంకో రెండు మూడు వారాలు పిల్లలకు మేత పెడుతూ, మైనం కడుతూ పెట్టెలోనే ఉంటుంది. ఆ లెక్కన ఫిబ్రవరి మొదట్లో మకరందం మోసే ఈగ, డిసెంబరు చివరికే గుడ్డుగా పడి ఉండాలి.

కాబట్టి డిసెంబరు రెండో వారం నుంచి రోజు విడిచి రోజు పెట్టెకు 200 మి.లీ. పంచదార నీళ్లు పెట్టండి. లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించాక కిలో పంచదార కలపాలి. పంచదార వేశాక మళ్లీ కాచవద్దు, మాడిన పంచదార ఈగలకు పడదు. గిన్నెలో నాలుగు పుల్లలు వేయకపోతే ఈగలు మునిగి చస్తాయి. సాయంత్రం చీకటి పడే వేళే పెట్టాలి. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. బలహీనమైన పెట్టె ఆ దెబ్బకు కోలుకోదు. రాణికి రెండేళ్లు దాటి ఉంటే ఎంత మేత పెట్టినా గుడ్లు పెరగవు, ముందు రాణిని మార్చుకోండి.

పై గది ఎప్పుడు ఎక్కించాలో తేనెపట్టే చెబుతుంది. కింది గదిలో పట్టు కట్టే చెక్క చట్రాలన్నీ రెండు వైపులా ఈగలతో కప్పుకుపోయి, పట్టు పైఅంచున సున్నం రాసినట్టు తెల్లటి కొత్త మైనం కనబడిన రోజున ఎక్కించండి. దానికి పది రోజుల ముందే పంచదార నీళ్లు ఆపేయాలి. లేకపోతే మీరు తీసేది పంచదార నీళ్లే, తేనె కాదు.

ఇంత బలం వచ్చిన పెట్టెకు ఇంకో గండం ఉంది, గుంపు లేచిపోవడం, అంటే పాత రాణి సగం ఈగలను వెంటేసుకుని వెళ్లిపోవడం. పట్టులో మైనం మూత మధ్యలో సూది బెజ్జం ఉన్న అరలు కనిపిస్తే అవి మగ ఈగలవి. అవి ఎక్కువయ్యాయంటే గుంపు తయారవుతున్నట్టే. వారానికోసారి పట్టు అడుగు అంచు చూడండి. వేరుశనగ కాయలా వేలాడే రాణి అరలు ఉంటే తుంచేయండి. అయితే తుంచడం ఒక్కటే చాలదు, ఇరుకు తగ్గకపోతే మళ్లీ కడతాయి. మూత పడిన పిల్లలున్న చట్రాలు రెండు తీసి, ఈగలను దులిపి, బలహీనమైన పెట్టెకు ఇవ్వండి. ఆ ఖాళీలో కొత్త చట్రాలు పెట్టండి.

ప్రశ్న: నిరుడు తీసిన తేనె రెండు నెలలకే నురగ కట్టి పులిసింది. ఎందుకు?
– పాఠకురాలు, భీమిలి

జవాబు: పచ్చి తేనె, అంటే ఇంకా నీరు ఇంకని తేనె తీశారు. తేమ 20 శాతం దాటితే తేనెలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. చట్రంలో కనీసం ముప్పావు వంతు అరలకు ఈగలు మైనం మూత వేశాకే తీయాలి. అనుమానంగా ఉంటే చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి విదిలించండి. చుక్కలు రాలితే తిరిగి పెట్టెలో పెట్టేయండి. మూతలు కోసే కత్తిని వేడినీళ్లలో ముంచాక పొడిగుడ్డతో తుడవాలి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, తేనె దాన్ని పీల్చేస్తుంది. వడకట్టగానే పొడి గాజు సీసాలో మూతి దాకా నింపి బిగించండి. పులిసినదాన్ని కాచినా పాత రుచి రాదు.

ప్రశ్న: పక్క మామిడి తోటలో తేనెమంచు పురుగుకు మందు కొడితే మా ఈగలు చచ్చాయి. ఏం చేయాలి?
– పాఠకుడు, సబ్బవరం

జవాబు: పూమొగ్గలు విచ్చుకోకముందే కొట్టమని ఆ రైతును బతిమాలైనా ఒప్పించండి. తప్పనిసరైతే పొద్దు వాలాక కొట్టాలి. ఆ రోజు సంగతి ముందుగా తెలిస్తే పెట్టెలను రాత్రివేళ మూడు కిలోమీటర్ల అవతలికి మార్చండి. అంతకంటే దగ్గరైతే ఈగలు పాత చోటికే తిరిగొస్తాయి. మార్చే వీలు లేకపోతే ఈగలన్నీ లోపలికి చేరాక వాకిలికి ఇనుప వల కొట్టి, మర్నాడంతా నీడలో ఉంచి, లోపల తడిగుడ్డ పెట్టండి. అంతకుమించి మూసి ఉంచితే వేడికి ఉక్కిరిబిక్కిరై చస్తాయి.