మీ ప్రశ్నలు: పులియబెడితే ఏది వస్తుంది, ఏది రాదు

ప్రశ్న: పిక్క తీశాక జీడిమామిడి పండ్లు తోటలోనే కుళ్లిపోతున్నాయి. వెనిగర్ చేద్దామని రసం తీసి ఇనుప డ్రమ్ములో ఉంచాను. పుల్లబడింది గానీ ఘాటు లేదు, పైగా నల్లగా తయారైంది. లోపమెక్కడ?
– ఒక రైతు, పలాస

జవాబు: నలుపు డ్రమ్ము వల్లే. ఈ రసంలో టానిన్లు (వగరు పదార్థాలు) ఎక్కువ, ఇనుము తగిలితే సిరాలా మారుతుంది. స్టీలు, గాజు, ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ మాత్రమే వాడండి. ఘాటు రాకపోవడానికి కారణం వేరు. చక్కెరను ఆల్కహాలుగా మార్చే ఈస్టుకు ఆ పనిలో గాలి అక్కర్లేదు. ఆ ఆల్కహాలును వెనిగర్‌కు ఘాటిచ్చే అసిటిక్ ఆమ్లం చేసే అసిటోబాక్టర్ అనే బాక్టీరియాకు గాలి లేనిదే గడవదు. రెండు పనులూ ఒకే డ్రమ్ములో ఒకేసారి కావు. మీకొచ్చిన పులుపు చాలావరకు పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లమై ఉంటుంది.

పండు రాలిన రోజే రసం తీయాలి. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పిండిని గంజిలా ఉడికించి, చల్లార్చి కలపండి. రాత్రంతా కదపకుండా ఉంచితే వగరు చాలావరకు అడుగుకు దిగుతుంది. పైతేట వంచుకోండి. తీపి 10–12 బ్రిక్స్ (దాదాపుగా చక్కెర శాతం) ఉంటే చాలు, తగ్గితే పంచదార కలపండి. లీటరుకు 100 మి.గ్రా. పొటాషియం మెటాబైసల్ఫైట్ (అక్కర్లేని సూక్ష్మజీవులను అణచే పొడి) వేసి ఒక రోజు ఆగండి. ఆ తర్వాత లీటరుకు అర గ్రాము డ్రై ఈస్టును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కలపండి. మూతకు గొట్టం బిగించి, రెండో కొస నీళ్లలో ముంచండి. వారం, పది రోజుల్లో బుడగలు ఆగుతాయి.

మడ్డి వదిలేసి తేటను వెడల్పు పాత్రలో సగం వరకే పోయండి. అందులో ఐదో వంతు, వేడిచేయని సహజ వెనిగర్ తోడుగా కలిపి పల్చటి గుడ్డ కట్టండి. కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్ తోడుకు పనికిరాదు, అందులో బతికున్న బాక్టీరియా ఉండదు. 28–30 డిగ్రీల్లో 3 నుంచి 6 వారాలు పడుతుంది. పైన కట్టే పొరను మునగనివ్వొద్దు. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే అది ఇథైల్ అసిటేట్. గాలి చాలడం లేదన్నమాట, ఇంకా వెడల్పు పాత్రలోకి మార్చండి.

నాలుకను నమ్మొద్దు. 5 మి.లీ. వెనిగర్‌లో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (ఆమ్లం విరిగిపోగానే గులాబీ రంగుకు మారే సూచిక) వేసి, గులాబీ రంగు నిలిచేదాకా 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణం వదలండి. ఖర్చయిన మి.లీ.ను 0.12తో గుణిస్తే ఆమ్ల శాతం. 33 మి.లీ. పడితే దాదాపు 4 శాతం. పులియబెట్టిన వెనిగర్‌గా అమ్మాలంటే కనీసం 3.75 ఉండాలి. అంకె పెరగడం ఆగగానే వడకట్టి, 65 డిగ్రీల్లో అరగంట ఉంచి, సీసాలు నిండా పోయండి. ఆలస్యం చేస్తే ఆల్కహాలు అయిపోయి, ఆ బాక్టీరియా తాను చేసిన ఆమ్లాన్నే తినేస్తుంది. మధ్యలో ఆల్కహాలు పుడుతుంది కాబట్టి అమ్మకానికి దిగేముందు ఎక్సైజ్ శాఖను అడగండి. ఫుడ్ లైసెన్సు ఎలాగూ కావాలి.

ప్రశ్న: నూకల పిండిని ఎంజైములతో గ్లూకోజు చేసి, లాక్టోబాసిల్లస్‌తో లాక్టిక్ ఆమ్లం తీస్తున్నాం. పీహెచ్ 3.8కి రాగానే అంతా ఆగిపోతోంది, చక్కెర సగానికి పైగా మిగిలిపోతోంది.
– బయోటెక్నాలజీ విద్యార్థిని, తాడేపల్లిగూడెం

జవాబు: మీ బాక్టీరియాను దాని ఆమ్లమే ఆపేస్తోంది. ఆ పీహెచ్‌లో సగం ఆమ్లం విడిపోని అణువులుగా ఉండి కణం పొరలోంచి లోపలికి చొరబడుతుంది. పుట్టిన ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేయడానికి కాల్షియం కార్బొనేట్ వేయాలి, 100 గ్రాముల గ్లూకోజుకు 56 గ్రాములు లెక్క. దాన్ని విడిగా ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరిలో శుద్ధి చేసి) కలపండి. అంతా పూర్తయితే 13 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఫ్లాస్కు సగానికి మించి నింపొద్దు, బిరడా బిగించొద్దు. లీటరుకు 5–10 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా వేయండి. బియ్యప్పిండిలో విటమిన్లు ఈ బాక్టీరియాకు చాలవు.

అసలు తంటా ఆ తర్వాతే. చల్లారితే కాల్షియం లాక్టేట్ గడ్డకడుతుంది, అందుకే 80 డిగ్రీల వేడి మీదే వడకట్టాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడగొడితే ప్రతి 100 గ్రాముల లాక్టిక్ ఆమ్లానికి 95 గ్రాముల జిప్సం మిగులుతుంది. దాన్నేం చేస్తారో ప్రాజెక్టు రిపోర్టులో రాయండి, పరీక్షకులు అడగాల్సిన ప్రశ్న అదే.

ప్రశ్న: వరిగడ్డి తగలబెట్టే బదులు ఈస్టు కలిపి ఆల్కహాలు తీయొచ్చా?
– పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఊళ్లో కుదరదు. గడ్డిలో చక్కెర సెల్యులోజుగా బిగుసుకుని ఉంటుంది, ఈస్టు దాన్ని ముట్టుకోలేదు. ముందు ఆమ్లంతోనో ఆవిరితోనో విప్పి, తర్వాత ఎంజైములు వేయాలి. వేడి ఎక్కువైతే ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనం పుట్టి ఈస్టుకే విషమవుతుంది. 2022 ఆగస్టులో పానిపట్‌లో ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ప్లాంటు లక్ష్యం ఏటా 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్. టన్నుకు 150 లీటర్లన్నమాట.

మీకు పశువులుంటే యూరియా మాగుడు మేలు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచండి. సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి, అది గడ్డిని మెత్తబరుస్తుంది. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి వేయండి. 6 నెలల లోపు దూడలకు మాత్రం పెట్టొద్దు.