గాల్‌బ్లాడర్ తీసేశాక మళ్లీ నెయ్యి ముద్ద దాకా

గాల్‌బ్లాడర్ తీసేసి పది రోజులైందని, ఏడాదిగా నూనె లేని తిండికి అలవాటు పడ్డాక ఇప్పుడు డాక్టర్ "మెల్లగా అన్నీ తినండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని, భయంగా ఉందని అడిగారు. నాదీ అదే కథ. ఆపరేషన్ అయి ఏడు నెలలు దాటింది. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. నేను డాక్టర్ని కాను. నాకు జరిగింది చెప్తాను, మీ డాక్టర్ చెప్పినదానికి తేడాగా ఏదైనా ఉంటే ఆయన మాటే వినండి.

మా బావమరిది పెళ్లిలో రాత్రి భోజనం గట్టిగా లాగించాను. అర్ధరాత్రి దాటాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై వీపులోకి, భుజం వెనక్కి పాకింది. గ్యాస్ అనుకున్నాను. మనవాళ్లకి మెడ నుంచి నడుము దాకా ఏది నొప్పెట్టినా గ్యాసే కదా! ఈనో తాగాను, జీలకర్ర నమిలాను, సోడా తెప్పించుకున్నాను. నాలుగు గంటలు మెలికలు తిరిగాక దానంతట అదే తగ్గింది. మూడు వారాల తర్వాత ఇంట్లో పూరీలు తిన్న రాత్రి మళ్లీ వచ్చింది. అప్పుడు స్కానింగ్ తీయిస్తే రాళ్లు, అందులో పెద్దది 14 మిల్లీమీటర్లు.

వెంటనే ఆపరేషన్ చేయించుకునేవాణ్ణే. కానీ నా ఇన్సూరెన్స్ పాలసీలో గాల్‌బ్లాడర్ రాళ్లకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉందని అప్పుడే తెలిసింది. తీసుకునేటప్పుడు ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు చెప్పండి. ఇంకా ఎనిమిది నెలలు ఆగాలి. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి తగ్గకుండా ఉన్నా పాలసీ గీలసీ చూడకుండా పరిగెత్తుకు రమ్మన్నారు సర్జన్. ఆ అవసరం రాలేదు. కానీ అప్పటిదాకా కొవ్వు బంద్.

కొవ్వే ఎందుకంటే, లివర్ తయారుచేసే పైత్యరసాన్ని దాచిపెట్టే చిన్న సంచి ఈ గాల్‌బ్లాడర్. కొవ్వు పదార్థం పేగులోకి దిగగానే ఒక హార్మోన్ విడుదలై ఆ సంచిని పిండుతుంది. పిండేటప్పుడు రాయి వచ్చి మూతికి అడ్డం పడితే మనం చుక్కలు చూస్తాం. కొవ్వు మానేస్తే సంచి అంత గట్టిగా పిండుకోదు, అంతే. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి.

ఎనిమిది నెలలు పోపు లేని చారు, నూనె తగలని పుల్కా, మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు, ఉడికించిన సొరకాయ. గుడ్డులో తెల్లసొన నాకు, పచ్చసొన మా ఆవిడకి. మారతహళ్లిలో ఇలా బతకడం ఇంకా కష్టం. నాలుగడుగులేస్తే ఒక ఆంధ్రా మెస్సు, సాయంత్రమైతే మలుపులో మిరపకాయ బజ్జీల బండి. తొమ్మిది కిలోలు తగ్గాను. ఆఫీసులో "ఏం గురూ, జిమ్‌కి వెళ్తున్నావా" అని అడిగేవాళ్లు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లాప్రోస్కోపీ, పొట్ట మీద నాలుగు చిన్న చిల్లులు, మర్నాడు డిశ్చార్జి. కడుపు ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల రెండు రోజులు భుజం నొప్పి ఉంటుందని నాకు ముందు ఎవరూ చెప్పలేదు, గుండెకేమో అయిందని హడలిపోయాను. రాళ్లని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతికిచ్చారు. మా వాడు దాన్ని స్కూలుకి పట్టుకెళ్తానని గొడవ.

పన్నెండో రోజు చెకప్‌లో సర్జన్ కుట్లు చూసి "ఇక నార్మల్ డైట్, కాకపోతే కొంచెం కొంచెంగా" అన్నారు. ఎనిమిది నెలల కాపలా ఒక్క మాటతో ఎత్తేశారు. ఇంటికొచ్చి వేడన్నం, ముద్దపప్పు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ నెయ్యి గిన్నె తెచ్చి పక్కన పెట్టి, వెయ్యకుండా నా మొహం చూస్తోంది. అర చెంచా వేసుకున్నాను. పప్పు మీద పడి కరిగి అంచుల దాకా పాకింది. కలుపుతుంటే వేళ్లు నిగనిగలాడాయి. రుచి సరే, నాకు గుర్తుండిపోయింది చెయ్యి కడుక్కోవడం. అన్నాళ్లూ భోజనం అయ్యాక ఒట్టి నీళ్లు పోస్తే చెయ్యి శుభ్రమైపోయేది. ఆ రోజు సబ్బు కావాల్సి వచ్చింది.

తిన్నానే గానీ ఆ రాత్రి నిద్ర లేదు. ఎడమవైపు తిరిగి పడుకుని, కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని, ఇప్పుడొస్తుంది అప్పుడొస్తుంది అని మూడింటి దాకా కాపు కాశాను. రాలేదు. మీ భయం అదే అయితే, అది పోవడానికి నాకూ నెల రోజులు పట్టింది.

తర్వాత ధైర్యం ఎక్కువైంది. ఆవకాయ కావాలంటే అమ్మ ఫోన్లో "పైన తేరిన నూనె తీసేసి ఒట్టి పిండి కలుపుకో నాయనా" అంది, అది బాగానే పడింది. అక్కడితో ఆగొచ్చు కదా. నాలుగో వారం కొలీగ్ పుట్టినరోజు పార్టీలో మటన్ బిర్యానీ, పైన రెండు కబాబులు. నొప్పి రాలేదు. వచ్చింది వేరేది, అదీ అవుటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో, ముందూ వెనకా కదలని ట్రాఫిక్‌లో. పెట్రోల్ బంకు కనిపించేలోపు మా ఇలవేల్పులందరినీ తలుచుకున్నాను.

ఎందుకలా అంటే, సంచి పోయాక పైత్యరసం చుక్కచుక్కగా పేగులోకి కారుతూనే ఉంటుంది. కొద్దిపాటి కొవ్వుకి అది చాలు. ఒకేసారి అంత పడితే సమయానికి సరిపడా అందదు. అరగని కొవ్వు, మిగిలిన పైత్యరసం పెద్దపేగు దాకా పోతే విరేచనాలే. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మీకు తగ్గకుండా సాగితే సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి, దానికి మందులున్నాయి. బిర్యానీ తర్వాత నేను కొత్తది ఏదైనా ఇంట్లోనే, మధ్యాహ్నం పూట, రోజుకి ఒక్కటే తిన్నాను. ఏం తిన్నానో ఏం జరిగిందో పాల లెక్క పుస్తకం వెనక రాసుకున్నాను. పచ్చసొన పడింది. గుత్తివంకాయ పడింది. పనీర్ బటర్ మసాలా పడలేదు.

ఎనిమిది నెలలూ కలవరించింది మసాలా దోసెని, అదీ గాంధీబజార్ విద్యార్థి భవన్ దోసెని. 1943 నుంచి ఉన్న హోటల్. రెండు నెలలు నిండాక ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్తే మూసి ఉంది. శుక్రవారం వాళ్లకి సెలవని మర్చిపోయాను! ఆదివారం మళ్లీ వెళ్లి లైన్లో నిలబడ్డాం. చేతి మీద ప్లేట్లు దొంతరగా పేర్చుకుని సర్వర్ వస్తుంటే కళ్లు చెమర్చాయంటే నవ్వకండి. దోసె మారలేదు, అదే కరకర, అదే నెయ్యి మెరుపు. మునుపు రెండు తినేవాణ్ణి, ఈసారి సగం దగ్గర చాలనిపించింది. మిగతా సగం మా ఆవిడ తినేసింది.

మలుపులో బజ్జీల సంగతీ అంతే. ఒకటి కొరికితే నూనె వాసన తప్ప ఏం తెలియలేదు. పైగా ఇప్పుడు ఉడికించిన సొరకాయ నేనే అడిగి చేయించుకుంటున్నాను, ఇంట్లో నవ్వుతున్నారు. కాబట్టి ముందే జాబితా రాసుకుని, అన్నీ ఎప్పటిలాగే ఉంటాయని ఎదురుచూడకండి.

నాకు ఇక మిగిలింది పూరీ ఒక్కటే. రెండోసారి నొప్పి దానివల్లే వచ్చిందని బుర్రలో నాటుకుపోయింది. రాళ్లు లేవని తెలుసు, ఆ డబ్బా బీరువాలోనే ఉంది. అయినా మొన్న ఆదివారం మా ఆవిడ పూరీలు చేస్తే, నాకు రెండు పుల్కాలు కాల్చి పెట్టమన్నాను.