చంద్రుడిలో మనకు కనిపించేది సరిగ్గా సగమేనా?

"చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు కదా, మరి భూమి మీద నుంచి మనం చూడగలిగేది సరిగ్గా సగమేనా?" అని అడిగారు. సగం కంటే ఎక్కువే. ఏ ఒక్క క్షణంలోనూ సగానికి మించి కనిపించదు గానీ, నెలల తరబడి ఓపికగా గమనిస్తే చంద్రుడి ఉపరితలంలో దాదాపు 59 శాతం మన కంటపడుతుంది. మామూలు బైనాక్యులర్‌తో చూసి, చూసింది కాగితం మీద గీసుకోవడం మొదలుపెట్టాకే ఈ అంకె వెనక ఉన్న విషయం నాకు పూర్తిగా బోధపడింది.

చంద్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికీ, భూమిని ఒకసారి చుట్టి రావడానికీ పట్టే కాలం ఒక్కటే, అది సుమారు 27.3 రోజులు. ఇది కాకతాళీయం కాదు. ఒకప్పుడు చంద్రుడి ఆత్మభ్రమణం ఇంతకంటే వేగంగా ఉండేది. భూమి గురుత్వాకర్షణ చంద్రుణ్ణి కొద్దిగా సాగదీసి, అలా ఏర్పడిన ఉబ్బును వెనక్కి లాగుతూ, ఆ వేగాన్ని క్రమంగా తగ్గించి చివరికి ఇలా స్థిరపరిచింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆత్మభ్రమణం నిలకడగా సాగుతుంది, కానీ భూమి చుట్టూ సాగే ప్రయాణం అలా కాదు. కక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్ల చంద్రుడు సుమారు 3,63,000 కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు వేగం పుంజుకుంటాడు, 4,05,000 కిలోమీటర్ల దూరానికి వెళ్లినప్పుడు నెమ్మదిస్తాడు. పెరిజీ అనే సమీప బిందువును దాటిన తర్వాత కక్ష్యలో ప్రయాణం ముందుకు సాగిపోతుంటే ఆత్మభ్రమణం దాన్ని అందుకోలేక వెనకబడుతుంది కాబట్టి, చంద్రుడి తూర్పు అంచుకు (చంద్రపటంలో కుడివైపు) అవతల ఉన్న నేల కొంత మన వైపు తిరుగుతుంది. కక్ష్య రెండో సగంలో ఇదే పడమటి అంచున జరుగుతుంది. అటూ ఇటూ దాదాపు 8 డిగ్రీల వరకు సాగే ఈ ఊగిసలాటను లిబ్రేషన్ అంటారు. చంద్రుడి అక్షం తన కక్ష్యకు నిటారుగా ఉండక సుమారు 6.7 డిగ్రీలు వాలి ఉండడం వల్ల ధ్రువాల అవతలి ప్రాంతాలు కూడా వంతులవారీగా తొంగిచూస్తాయి. భూమి తిరుగుతూ మనల్ని కూడా మోసుకుపోతుంది గనుక, చంద్రుడు ఉదయించేటప్పుడూ అస్తమించేటప్పుడూ మనం చూసే కోణం మరో డిగ్రీ వరకు అటూ ఇటూ మారుతుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే మేర్ క్రిసియమ్‌ను మించిన గుర్తు లేదని నా అభిప్రాయం. చంద్రపటంలో కుడివైపు పైభాగాన, మిగతా నల్లమచ్చలతో కలవకుండా విడిగా ఉండే మచ్చ అది. నిజానికి తూర్పు పడమరలుగా పొడవైనదే అయినా, అంచు దగ్గర ఏటవాలుగా కనబడడం వల్ల మనకు ఉత్తర దక్షిణాలుగా సాగినట్టు తోస్తుంది. నేను ఆ మచ్చ వెడల్పునే కొలబద్దగా పెట్టుకుని, మచ్చకూ బింబం అంచుకూ నడుమ ఉన్న తెల్లని నేల ఎంత ఉందో గీసుకునేవాణ్ణి. ఒక బొమ్మలో ఆ ఎడం మచ్చ వెడల్పులో నాలుగో వంతు కూడా లేదు, మచ్చ అంచుకు అతుక్కున్న సన్నని గీతలా ఉంది. మరో బొమ్మలో ఎడం సగానికి మించి ఉంది, మచ్చ కూడా గుండ్రదనానికి దగ్గరగా వచ్చింది. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మీరు ప్రయత్నించేటట్టయితే పౌర్ణములనే పోల్చండి, వెలుగు పడే తీరు ఒకేలా ఉంటుంది. పెరిజీ దాటిన వారానికి వచ్చే పౌర్ణమినాడు మేర్ క్రిసియమ్ అంచుకు దూరంగా జరిగి ఉంటుంది, అక్కడి నుంచి ఏడో పౌర్ణమికి అంచును ఆనుకున్నట్టు కనిపిస్తుంది. పెరిజీ తేదీలు ఏ ఖగోళ క్యాలెండర్‌లోనైనా దొరుకుతాయి.

మిగిలిన 41 శాతాన్ని 1959 అక్టోబరులో సోవియట్ అంతరిక్ష నౌక లూనా 3 ఫోటోలు తీసేదాకా ఎవరూ చూడలేదు. దాన్ని చీకటి వైపు అనడం సరికాదు. సూర్యరశ్మి అక్కడా ఇక్కడిలాగే పడుతుంది, అమావాస్యనాడైతే ఆ ముఖమంతా ఎండలోనే ఉంటుంది. మీ దగ్గర టెలిస్కోపు కూడా ఉంటే, మేర్ క్రిసియమ్ అంచుకు చేరిన రోజుల్లో ఎదుటి వైపు పడమటి అంచున మేర్ ఓరియెంటేల్ అనే మరో నల్లమచ్చ కోసం వెతకండి. మామూలుగా అంచుకు అవతలే ఉండేదైనా, లిబ్రేషన్ అనుకూలించినప్పుడు సన్నని నల్లచారలా బయటపడుతుంది.