పాత స్కూటర్ కొంటే ఆటో ఖర్చు మిగులుతుందా?

ప్రశ్న: మాది కదిరి. బెంగళూరులో మారతహళ్లి దగ్గర అద్దెకుంటున్నాం. ఏడు కిలోమీటర్ల దూరంలో బెల్లందూరులో హౌస్‌కీపింగ్ చేస్తాను. నెలకు 26 రోజులు, జీతం 15,000. అయిదు నిమిషాలు ఆలస్యమైనా సగం రోజు జీతం కోస్తారు. పొద్దున నలుగురం ఆడవాళ్లం మనిషికి 30 వేసుకుని తెలిసిన ఆటోలో వెళ్తాం. సాయంత్రం బస్సు, టికెట్ 18. నెలలో పది రోజులు మాత్రం ఓపిక లేక యాప్‌లో ఆటో పిలుస్తాను, 130 అవుతుంది. అవి మనలాంటి వాళ్లకు కాదని అత్తమ్మ పోరు. మా ఆయన 2,900 కంతుతో పాత స్కూటర్ కొందామంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, స్కూటర్ వద్దు. ఇప్పుడు మీకవుతున్నది పొద్దుటి ఆటోకు 780, యాప్ ఆటోకు 1,300, బస్సుకు 288 కలిపి నెలకు 2,368. స్కూటర్‌కు కంతు 2,900, పెట్రోలు 830 దాకా. రిపేరు, ఇన్సూరెన్స్ కలిస్తే 4,100 దాటుతుంది. ఊళ్లో చవగ్గా దొరికిందని ఆంధ్రా నంబరు బండి తెచ్చుకున్నా, ఏడాది దాటి ఇక్కడే తిప్పితే కర్ణాటకలో మళ్లీ రిజిస్ట్రేషన్, రోడ్డు ట్యాక్సు కట్టాలి.

మీరు టికెట్ కొంటున్నారంటే ఆధార్‌లో కదిరి చిరునామానే ఉందనుకుంటాను. కర్ణాటక చిరునామా ఉన్న ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపిస్తే 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఏసీ బస్సుల్లో చెల్లదు. సున్నా టికెట్టయినా అడిగి తీసుకోవాలి. మీ ఆయన ఆధార్ ఇప్పటికే బెంగళూరుకు మారి ఉంటే, కుటుంబ పెద్దగా ఆయన సమ్మతితో మీదీ మార్చుకోవచ్చు. అందుకు పెళ్లి సర్టిఫికెట్టో, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డో కావాలి. ఆన్‌లైన్‌లో పెడితే ఆయన 30 రోజుల్లోగా ఒప్పుకోవాలి, లేదంటే దరఖాస్తు మూసేస్తారు. ఊళ్లో పింఛనో, మరో పథకమో మీ పేరున వస్తుంటే మాత్రం ముందు సచివాలయంలో అడిగాకే మార్చండి.

పొద్దుటి ఆటో మంచి ఏర్పాటు. ధర ముందే తెలుసు, డ్రైవరూ తెలిసినవాడు. కానీ ఆటోకు పర్మిట్ ముగ్గురికే. నలుగురెక్కాక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ముగ్గురే వెళ్లండి, మనిషికి 40 వేసుకోండి. నెలకు 260 ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చూడొద్దు. ఇలాంటి జట్లు చెడేది సెలవుల దగ్గరే: ఒకరు రాకపోతే మిగతావాళ్ల మీద భారం పడి గొడవలవుతాయి. రానివాళ్లు సగం ఇవ్వాలని ముందే అనుకోండి. డ్రైవరుకు నెల డబ్బు ఒకేసారి ఇవ్వకండి, శనివారం శనివారం ఇవ్వండి. ఇంకో డ్రైవరు నంబరూ దగ్గర పెట్టుకోండి.

యాప్ విషయంలో అత్తమ్మ మాట సగమే నిజం. అలసటకు పది రోజులు పిలవడం మీ జీతానికి బరువు. కానీ సగం రోజు జీతం పోతే 288 పోయినట్టు. 2025 ఆగస్టు నుంచి బెంగళూరులో మీటరు ధర మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18. మీ ఏడు కిలోమీటర్లకు 126. పొద్దున డ్రైవరు రాని రోజు అది దుబారా కాదు, జీతం కాపాడుకోవడం. వాన పడి రింగ్ రోడ్డు నీళ్లతో నిండిన సాయంత్రం కూడా అంతే. నెలకు అలాంటివి నాలుగు అనుకుని 504 విడిగా కవర్లో పెట్టండి. యాప్ 126 కంటే బాగా ఎక్కువ చూపిస్తే ఇంకో యాప్ చూడండి. తర్వాత కట్టొచ్చనే అప్పు ఆప్షన్ నొక్కకండి. రీఫండ్ ఇస్తామంటూ ఎవరైనా పిన్ కొట్టమంటే మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

బస్సు ఉచితమయ్యాక నెలకు పొద్దుటి ఆటోకు 1,040, యాప్ ఆటోకు 504 కలిపి 1,544. ఇప్పటి ఖర్చు మీద 824 మిగులుతుంది. సున్నా టికెట్ మొదలైన నెలే 800తో పోస్టాఫీసులో నెలనెలా కట్టే పొదుపు ఖాతా (ఆర్‌డీ) తెరవండి, జీతం పడిన మర్నాడే కట్టండి.