ముఖానికి కొత్త క్రీమ్ కొనేముందు బ్రష్‌లు కడిగి చూడండి

విజయవాడ నుంచి గుంటూరుకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్తున్నానని, అక్కడ మేకప్ తప్పనిసరి అని, ఆరు నెలలుగా బుగ్గల మీద, దవడ పక్కన చిన్న చిన్న పొక్కులు వస్తున్నాయని మీరు రాశారు. ముఖానికి ఏమేం రాయాలి, మేకప్ బ్రష్‌లు ఎలా కడగాలి అని రెండు ప్రశ్నలు అడిగారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకటే ప్రశ్న. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేనూ విజయవాడ పటమట నుంచి గుంటూరుకు నాలుగేళ్లు తిరిగాను. నగల షాపులో కౌంటర్ ఉద్యోగం. పొద్దున పదింటికల్లా ఫౌండేషన్, కాటుక, లిప్‌స్టిక్‌తో నిలబడాలి. రెండో ఏడు నుంచి పొక్కులు మొదలయ్యాయి. ఎవరు ఏం చెబితే అది కొన్నాను. టోనర్, రెండు రకాల సీరమ్‌లు, రాత్రి రాసేది ఒకటి, తెల్లవారి రాసేది ఒకటి... బాత్రూం అరలో ఎనిమిది సీసాలు చేరాయి. పొక్కులు మాత్రం తగ్గలేదు. చివరికి ఒక మందుల షాపులో అడిగితే ట్యూబు ఇచ్చారు. వారం రోజుల్లో ముఖం నున్నగా, తెల్లగా అయ్యింది. ఎంత సంతోషపడ్డానో! ట్యూబు అయిపోయి మానేసిన పది రోజులకు ముఖమంతా ఎర్రబడి మంట, ముందుకన్నా రెట్టింపు పొక్కులు. అప్పుడు చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ట్యూబు మీద పేరు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, డాక్టరు చీటీ లేకుండా ముఖానికి రాయకూడదు అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "మేకప్ బ్రష్ చివరిసారి ఎప్పుడు కడిగావమ్మా?"

కొన్నప్పటి నుంచి కడగలేదు. బీసెంట్ రోడ్డులో కొన్న పన్నెండు బ్రష్‌ల సెట్టు అది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. నుదుటి మీద ఒక్క పొక్కు లేదు. అక్కడ నేను ఫౌండేషన్ వేసేదాన్ని కాదు. బుగ్గలు, దవడ... సరిగ్గా బ్రష్ తిరిగే దారిలోనే అన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం బ్రష్‌ని తెల్ల మగ్గులో ముంచితే నీళ్లు పాలు తక్కువైన టీ రంగులోకి మారిపోయాయి. ఆ మురికినే రోజూ ముఖానికి పూసుకున్నానని బాధేసింది.

మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ. ఫౌండేషన్‌లోని నూనె, ముఖం మీది జిడ్డు, చెమట, రాలిన చర్మం అన్నీ ఆ వెంట్రుకల్లో చేరతాయి. దాన్ని జిప్పు పౌచ్‌లో పెట్టి మూసేస్తాం. బెజవాడ ఉక్కలో ఆ తడి ఆరదు. బ్యాక్టీరియాకూ ఫంగస్‌కూ అంతకన్నా అనుకూలమైన చోటు ఉండదు. పైగా ఎండి గట్టిపడిన వెంట్రుకలు పొక్కుల మీద గీరుకుంటాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ అనే చర్మ డాక్టర్ల సంఘం 7 నుంచి 10 రోజులకోసారి బ్రష్‌లు కడగమంటుంది. నేను ఆదివారం తలస్నానం అయ్యాక కడుగుతాను, అలా అయితే మర్చిపోను.

కడగడంలోనూ మొదట తప్పు చేశాను. బాగా శుభ్రపడతాయని వేడి వేడి నీళ్లలో నానబెట్టి, గ్లాసులో నిలబెట్టి, మే నెల ఎండలో బాల్కనీలో పెట్టాను. నెల తిరక్కముందే పెద్ద పౌడర్ బ్రష్ తల ఊడి చేతిలోకి వచ్చింది. వెంట్రుకల్ని పిడికి పట్టి ఉంచేది లోహపు పట్టీ లోపలి జిగురు. వేడినీళ్లు ఆ జిగురును వదులు చేస్తాయి. తడి బ్రష్‌ను నిలబెడితే నీరు కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. పిడి చెక్కదైతే ఉబ్బి పగులుతుంది కూడా.

కాబట్టి గోరువెచ్చని నీళ్లు చాలు, మన ఎండాకాలంలో కుళాయి నీళ్లే సరిపోతాయి. బ్రష్ తల కిందికి వంచి వెంట్రుకల్ని మాత్రమే తడపండి. లోహపు పట్టీలోకి నీరు పోకూడదు. అరచేతిలో రెండు చుక్కల బేబీ షాంపూ వేసుకుని, దాంట్లో బ్రష్‌ను మెల్లగా గుండ్రంగా తిప్పండి. వాటర్‌ప్రూఫ్ ఫౌండేషన్ అయితే షాంపూకు తొందరగా లొంగదు. ముందు ఒక చుక్క కొబ్బరి నూనెలో తిప్పితే కరిగి వచ్చేస్తుంది, ఆ తర్వాత షాంపూతో నూనె పోయేదాకా కడగాలి. నొక్కితే తేట నీళ్లు వచ్చేవరకూ ఆపకండి. మెలిపెట్టి పిండొద్దు, పాత నూలు గుడ్డలో పెట్టి నొక్కితే చాలు. తర్వాత వేళ్లతో వెంట్రుకల్ని వాటి ఆకారంలోకి సర్దాలి.

మీ ఇంట్లో బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా? మాది బోరు. ఆ నీళ్లలో షాంపూ నురగ సరిగా రాదు, ఆరాక వెంట్రుకలు చీపురు పుల్లల్లా బిరుసెక్కేవి. అది నీటిలోని ఉప్పుల వల్ల. చివరి జాడింపు ఒక్కటీ తాగే నీళ్ల టిన్నులోంచి ఒక గ్లాసు తీసి చేస్తున్నాను. ఆ తేడా చెంపకు తగలగానే తెలుస్తుంది.

ఆరబెట్టేది నీడలో, ఫ్యాన్ కింద. బల్ల అంచున పడుకోబెట్టి తల బయటికి ఉండేలా పెట్టొచ్చు. నేనైతే బట్టల క్లిప్పులతో పిడి పట్టి తలకిందులుగా వేలాడదీస్తాను. శ్రావణ మాసం ముసుర్లలో పెద్ద బ్రష్ ఒక రాత్రిలో ఆరదు, రెండో రోజు దాకా ఆగండి. తడి తడిగా పౌచ్‌లో పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది, ఆ వాసన వస్తే కడిగినా లాభం లేదు.

స్పాంజి వాడుతుంటే అది బ్రష్ కన్నా ప్రమాదం. లోపల తడి ఉండిపోతుంది. వాడిన ప్రతిసారీ సబ్బుతో పిసికి కడిగి, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. మూడు నెలలకు మార్చేయండి, నల్ల చుక్కలు కనిపిస్తే ఆ రోజే. మస్కారా కూడా మూడు నెలలే. కంటి బ్రష్‌లు, కాటుక అక్కాచెల్లెళ్లకైనా ఇవ్వకండి. మా పిన్ని కూతురి పెళ్లిలో ఒకే బ్రష్‌తో నలుగురికి ఐషాడో వేశారు, మూడో రోజుకు ఇద్దరికి కళ్లకలక. పెళ్లికి మేకప్ చేయించుకునేటప్పుడు బ్రష్‌లు స్పిరిట్‌తో తుడవమని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ స్పిరిట్ 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే బాగా పనిచేస్తుంది. 99 శాతంది అంతకన్నా మంచిదనుకుంటారు కానీ అది చప్పున ఆవిరైపోతుంది, క్రిముల మీద నిలవదు.

ఇక ముఖం సంగతి. ఎనిమిది సీసాల్లో ఇప్పుడు నా దగ్గర మిగిలినవి మూడే. ఘాటు లేని ఫేస్‌వాష్, జిడ్డు లేని జెల్ లాంటి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఒంటి సబ్బు ముఖానికి వద్దు. చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, సబ్బుది క్షార గుణం, అందుకే కడగ్గానే బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా మేకప్ తీయకుండా పడుకోకండి. నేను ముందు మేకప్ తీసే మైసెల్లార్ వాటర్‌తో తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడుగుతాను. నలుగు పిండి ఒంటికి ఎంత మంచిదైనా పొక్కులున్నంత కాలం ముఖానికి రుద్దొద్దు, మా అమ్మకు ఈ మాట ఒప్పించడానికి నాకు నెల పట్టింది. నిమ్మరసం అసలే వద్దు, అది రాసి ఎండలోకి వెళితే చర్మం కాలి మచ్చ పడుతుంది.

సన్‌స్క్రీన్ మీకు మరీ ముఖ్యం. కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి మీదుగా పొద్దున గుంటూరు వెళ్లేటప్పుడు ఎండ బస్సుకు ఎడమవైపు పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా ఎడమవైపే. నాలుగేళ్లు ఎడమ కిటికీ పక్కన కూర్చుని నా ఎడమ బుగ్గ నల్లబడింది. అద్దం మూసున్నా లాభం లేదు, ఎండలో చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాలు మామూలు అద్దంలోంచి లోపలికి వస్తాయి. కుడివైపు కూర్చోండి. సన్‌స్క్రీన్ మీద రాసుండే ఎస్పీఎఫ్ నంబర్ 30 అయితే చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి నంబర్ కోసం డబ్బు పెట్టడం కన్నా సరిపడా రాయడం మేలు. ముఖానికి, మెడకు కలిపి చూపుడు వేలు, మధ్య వేలు నిండా రెండు గీతలంత తీసుకోండి.

కొత్తది ఏది కొన్నా చెవి వెనక నాలుగు రోజులు రాసి చూసి, ఆ తర్వాతే ముఖానికి రాయండి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

బ్రష్‌లు శుభ్రంగా ఉంచాక నాకు ఆరు వారాలకు తేడా కనిపించింది. డాక్టరు ఇచ్చిన మందు కూడా వాడాను, అది దాచి చెప్పడం లేదు. మీరూ ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి, టెన్షన్ పడి మధ్యలో మార్చకండి. పొక్కులు గడ్డలుగా లోపల నొప్పి పెడుతున్నా, నెలసరి సరిగా రాక దవడ మీదే ఎక్కువగా వస్తున్నా అది బ్రష్ పని కాకపోవచ్చు, హార్మోన్ల తేడా ఉండొచ్చు. అప్పుడు ఆగకుండా చర్మ డాక్టరుకు చూపించండి. ఫీజు గురించి ఆలోచిస్తుంటే గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.