పార్లమెంటులో అడిగితే దాచిన రిపోర్టులు, విదేశీ ఖర్చుల లెక్కలు బయటికి వస్తాయా?

బయటపెట్టని రిపోర్టుల గురించి, విదేశీ పర్యటనలు, ఎంబసీల ఖర్చుల గురించి ఎంపీలు మంత్రులను అడుగుతుంటారు కదా, దానివల్ల నిజంగా ఏమైనా తేలుతుందా, లేక టీవీ కోసం చేసే హడావుడేనా అని అడిగారు.

2010 నుంచి ఆరేళ్లు ఢిల్లీలో ఒక తెలుగు ఎంపీ గారి దగ్గర సహాయకుడిగా పనిచేశాను. నా పనిలో ముప్పాతిక వంతు ప్రశ్నలు రాయడమే. నేను చూసినంతలో తేలుతుంది. కాకపోతే టీవీలో కనబడే చోట కాదు.

ముందు ఒక తమాషా లెక్క చూడండి. 2018 డిసెంబరులో ప్రధాని విదేశీ ప్రయాణాల ఖర్చు గురించి రాజ్యసభలో అడిగితే, 2014 జూన్ నుంచి రెండు వేల కోట్ల పైచిలుకు అని తేలింది. అందులో 1,583 కోట్లు విమానాల మెయింటెనెన్స్, 429 కోట్లు చార్టర్డ్ విమానాలు. 2020 సెప్టెంబరులో అదే సభలో ఇంకో జవాబు వచ్చింది: 2015 నుంచి 58 దేశాల పర్యటనలకు 517.82 కోట్లు. దాదాపు రెండేళ్లు గడిచాక ఖర్చు పెరగాలి గానీ పావు వంతుకు ఎలా పడిపోతుంది? మా ఫ్యామిలీ గ్రూపులో ఒక బాబాయి మొదటి అంకె పట్టుకుని, ఇంకో బాబాయి రెండో అంకె పట్టుకుని వారం రోజులు కొట్టుకున్నారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది సభలో ఇచ్చిన లెక్కే. ఒకదాంట్లో విమానాల మెయింటెనెన్స్ కలిసింది. 1,583 కోట్లు 517లో పట్టవు కాబట్టి రెండోదాంట్లో అది లేనట్టే. ఏది కలిపి చెప్పాలో ప్రశ్నలో స్పష్టంగా అడక్కపోతే, ఏది కలపాలో జవాబు రాసేవాళ్లే తేల్చుకుంటారు.

ఇది నాకు ఒంటబట్టడానికి ఏడాదిన్నర పట్టింది. కొత్తలో నా ధ్యాసంతా స్టార్డ్ ప్రశ్నల మీదే, అంటే నక్షత్రం గుర్తు ఉన్నవి. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలుంటాయి. ఏవి ముందో బ్యాలెట్, అంటే లాటరీ, తేలుస్తుంది. అన్‌స్టార్డ్ అయితే జవాబు రాతలోనే వస్తుంది. స్టార్డ్ అయితే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, పైన సప్లిమెంటరీలు, అంటే అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు, వేయొచ్చు. కానీ పదకొండు నుంచి పన్నెండు దాకా ఉండే ఆ గంటలో నాలుగైదు ప్రశ్నలకు మించి వంతు రావడం కష్టం. సభలో గొడవైతే అవీ లేవు. వంతు రాని స్టార్డ్ ప్రశ్నలన్నీ రాతపూర్వక జవాబులుగా మారిపోతాయి. మా క్వార్టర్‌కి రోజూ ఒక పెద్దాయన వచ్చేవారు. రాజమండ్రి మనిషి, సచివాలయాల్లో ఫైళ్లు చూసి చూసి రిటైరయినవారు. "ఏమయ్యా, నక్షత్రం ఫోటో కోసం. సమాచారం కావాలంటే నక్షత్రం లేనిదే అడుగు" అనేవారు. ఆ మాట అప్పట్లో నాకు రుచించలేదు.

బయటపెట్టని రిపోర్టు సంగతి ఇంకా చిక్కు. 2010 డిసెంబరు 30న శ్రీకృష్ణ కమిటీ తెలంగాణపై రిపోర్టు ఇచ్చింది. వారం తిరిగేసరికి అందరికీ అందుబాటులో పెట్టారు, ఎనిమిదో అధ్యాయం తప్ప. శాంతిభద్రతల మీద రాసిన ఆ భాగం సీల్డ్ కవర్లో హోంశాఖకు చేరింది. ఆ రోజుల్లో ఏ తెలుగు ఎంపీ ఇంట్లో చూసినా ఆ కవరు గురించే చర్చ. నేనూ ఆవేశంగా ఒక ప్రశ్న రాశాను: "ఎనిమిదో అధ్యాయాన్ని ప్రభుత్వం ప్రజల నుంచి ఎందుకు దాచింది?"

పెద్దాయన చదివి నవ్వారు. ఒకటి, అందులో వాదన ఉంది, ఎత్తిపొడుపు ఉంది. లోక్‌సభ 41వ నిబంధన ప్రకారం ప్రశ్నలో అవి ఉండకూడదు. రెండు, స్వభావరీత్యా రహస్యమైన విషయాలు అడగకూడదని కూడా అదే నిబంధన చెబుతుంది. అంటే గడప దగ్గరే ఆగిపోవచ్చు. ఆయన పెన్ను తీసుకుని తిరగరాశారు. రిపోర్టులో మొత్తం అధ్యాయాలెన్ని, అందుబాటులో పెట్టినవి ఎన్ని, మిగిలినది ఏ తేదీన ఎవరికి అందింది, దానిపై తీసుకున్న చర్యలేమిటి. లోపల ఏముందో ఎక్కడా అడగలేదు. రిపోర్టు ఎక్కడెక్కడ తిరిగిందో మాత్రమే అడిగారు. తేదీలు రహస్యమని చెప్పడం ఎవరికైనా ఇబ్బందే. ఆ ప్రశ్న చివరికి బ్యాలెట్లో రాలేదు, అది వేరే సంగతి. 2011 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ అధ్యాయాన్ని బయటపెట్టమన్నారు. అందులోని భాగాలు కొన్ని ఆ తీర్పులోనే జనం చదువుకున్నారు. కేంద్రం అప్పీలుకు వెళ్లింది.

ఇంకో కిటుకు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సభకు సమర్పించని ప్రభుత్వ పత్రం నుంచి మంత్రి ఏదైనా వాక్యం యథాతథంగా చదివితే, 368వ నిబంధన కింద ఆ పత్రాన్ని సభ ముందు పెట్టాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా కుదరదంటే తప్ప. అదే సారాంశం సొంత మాటల్లో చెబితే పెట్టక్కర్లేదు. మంత్రులు "కమిటీ అభిప్రాయపడిందేమిటంటే" అంటూ గుండ్రంగా తిప్పి ఎందుకు మాట్లాడతారో నాకు అప్పుడు అర్థమైంది. అనుభవమున్న ఎంపీలు సప్లిమెంటరీలో "ఆ వాక్యం ఒకసారి చదివి వినిపించగలరా" అని చాలా మర్యాదగా అడుగుతారు. మర్యాద చూసి మోసపోకండి, అది వల.

కొన్ని రిపోర్టులు ఎవరు అధికారంలోకి వచ్చినా బీరువా దాటవు. 1962 చైనా యుద్ధం మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్ ఇచ్చిన రిపోర్టు 1963 నాటిది. 2010లో రక్షణమంత్రి ఆంటోనీ అది చాలా సున్నితం, సైనికంగా ఇప్పటికీ ముఖ్యమే అని పార్లమెంటుకు చెప్పారు. అలాంటి పత్రాలను ఎల్లకాలం దాచలేమని 2014 మార్చిలో ప్రతిపక్షంలో ఉండి రాసిన అరుణ్ జైట్లీ, జులై వచ్చేసరికి రక్షణమంత్రిగా రాజ్యసభలో బయటపెట్టడం దేశప్రయోజనం కాదన్నారు. నాలుగు నెలలు! విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ అయితే రిపోర్టు అందిన ఆరు నెలల్లో, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి సభకు సమర్పించాలి. మామూలు కమిటీలకు ఆ నిర్బంధం లేదు. అందుకే "ఏ చట్టం కింద వేశారు" అన్నది నా ప్రశ్నల్లో మొదటి ముక్కగా ఉండేది.

ఇక ఎంబసీల ఖర్చు. ఇందులో తప్పు నాదే. గల్ఫ్‌లో ఇబ్బందుల్లో పడిన మనవాళ్ల కోసం 2009లో పెట్టిన నిధి ఒకటుంది, ప్రవాస భారతీయ సంక్షేమ నిధి. టికెట్ డబ్బుల్లేనివారికి టికెట్, కోర్టు ఖర్చు, మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు దాంట్లోంచి ఇవ్వొచ్చు. ఆ డబ్బు ప్రధానంగా కాన్సులర్ సేవలకు, అంటే పాస్‌పోర్టు లాంటి ఎంబసీ పనులకు, వసూలు చేసే చిన్న రుసుము నుంచి వస్తుంది. అంటే ఆ కూలీల డబ్బే. మా వైపు నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. నేను "ఈ నిధి ఖర్చు వివరాలు ఏమిటి" అని రాశాను. జవాబులో ప్రపంచం మొత్తానికి కలిపి ఒకే అంకె. నాలుగు ముక్కల ప్రశ్నకు "ఎ నుంచి డి వరకు" అని కలిపి ఒక పేరా. జవాబు అలా కలిపి వచ్చిందంటే ఏదో ఒక ముక్క మింగేసినట్టే, వెతకండి.

తర్వాతి సెషన్లో మళ్లీ రాశాను. జవాబిచ్చిన ప్రశ్ననే తిప్పి అడగకూడదు గనక కోణం మార్చాను. దేశాలవారీగా, ఏడాదివారీగా, మృతదేహాలకెంత, టికెట్లకెంత, ఏడాది చివర మిగిలిందెంత. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని వచ్చింది. కొత్తవాళ్లు ఇది చూసి నీరసపడతారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఆ వాక్యం మంత్రి సభకు ఇచ్చిన హామీ కిందికి వస్తుంది. లోక్‌సభ హామీల కమిటీ 1953 నుంచీ ఇలాంటివే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, మంత్రులెవరూ అందులో సభ్యులుగా ఉండరు. గడువు మూడు నెలలు. మాది ఏడు నెలలు దాటింది, గడువు పొడిగింపు అడగడం మామూలే. చివరికి వచ్చింది అనెక్సర్, అంటే జవాబుకు జతచేసిన పత్రం, దేశాలవారీ పట్టికతో సహా. ఏ పేపర్లోనూ రాలేదు.

మా ఎంపీ సార్ దాన్ని ఊరికి ఫ్యాక్స్ చేయించారు. కింద నేను నాలుగు లైన్లు తెలుగులో రాశాను, ఏ పనికి ఈ డబ్బు అడగొచ్చో, ఎవరిని అడగాలో. తర్వాతెప్పుడో వెళ్తే, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు పెట్టుకున్న చిన్న సంఘం ఆఫీసులో ఆ కాగితం లామినేషన్ చేయించి గోడకు తగిలించి ఉంది. నా చేతిరాత సగం చెరిగిపోయింది. పట్టికలో ఒక్క వరస కింద మాత్రం ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీశారు, వాళ్ల కుర్రాళ్లు ఎక్కువగా ఉండే దేశం అది.